కొల్లేరు అని కొడితే కొల్లేటోళ్లు కనపడరేం?

మొన్న కైకలూరు అవతల ఓ లంక ఊరి నుంచి కుర్రోడొకడు ఫోన్ చేసేడు. "అన్నా, కాంటూరు గురించి నువ్వు రాసింది మా నాన్నకి చూపిద్దామని గూగుల్లో కొట్టేను. అరగంట ఎతికినా దొరకలేదు. బోటు షికారంట, పక్షుల ఫొటోలంట, హోటళ్లంట, అయ్యే వచ్చినయ్" అన్నాడు.

నేనూ కొట్టి చూసేను. ఆడు చెప్పింది నిజమే. మూడు రోజులు కూర్చుని రాసిన ముక్క పత్తా లేదు.

తప్పెక్కడుందో తెల్సుకుందామని కూర్చున్నా. నేను కంప్యూటర్ చదువులు చదవలేదు, కిందా మీదా పడి నేర్చుకున్నదే చెప్తున్నా.

గూగుల్ చేసేవి మూడు పనులు. ఒకటి, లింకులు పట్టుకుని పేజీ పేజీకీ తిరగడం. రెండు, దొరికిన పేజీలో మాటల్ని దాచుకోవడం. మూడు, మనం అడిగినప్పుడు ఏది ముందు, ఏది ఎనక అని వరస పెట్టడం. పేచీ అంతా ఈ వరస దగ్గరే.

వరసకి లెక్కలు చాలా ఉన్నాయి. మొదట్నించీ ఉన్న లెక్కొకటి: ఎక్కువ పేజీలు ఎవరికి లింకిస్తే ఆళ్లు పెద్దమనుషులు. ఊళ్లో పదిమంది ఎవరి పేరు చెప్తే ఆయనే పెద్దమనిషి అయినట్టు. మరి మన రాతలెక్కడ తిరుగుతున్నాయి? వాట్సాప్ గ్రూపుల్లో. వెయ్యి మంది పంచుకున్నా ఆ గ్రూపుల్లోకి గూగుల్ రాదు. మన పదిమందీ దాని లెక్కలోకి రారన్నమాట.

రెండో చిక్కు మన భాషే. "కొల్లేరు" అంటాం. లోపలికెళ్తే "కొల్లేట్లో", పక్కనుంటే "కొల్లేటి ఒడ్డున". ఏరు ఏటి అయిపోద్ది. మనకి చెప్పక్కర్లేదు. మెషీనుకి మాత్రం ప్రతిసారీ అర్థమవుద్దన్న గ్యారంటీ లేదు. నా ముక్కలో "కొల్లేటి" అని పాతికసార్లుంది, "కొల్లేరు" అని రెండేసార్లుంది. దానికి తోడు మన కుర్రోళ్లు సగంమంది తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. తాడేపల్లిగూడాన్ని వట్టి "గూడెం" అంటాం. గూడేలు రాష్ట్రంలో ఎన్ని లేవు?

మూడోది ఇంకా బాధ. కొల్లేటి పోరాటాల కరపత్రాలు, చిన్న పత్రికలు చాలామటుకు అను ఫాంట్లలో కొట్టినవే. అది యూనికోడ్ కాదు. కాగితం మీద చక్కని తెలుగు, మెషీనుకి పిచ్చి గీతలు. ఉండీ లేనట్టే.

ఈ బాధ చూసి గూడెంలో ఒకాయన "డబ్బులిస్తే నెలలో నంబర్ వన్ చేసేస్తా" అన్నాడు. నమ్మకండి తమ్ముళ్లూ. నంబర్ వన్ గ్యారంటీ ఎవ్వరూ ఇవ్వలేరని గూగులే చెప్తంది. డబ్బు కడితే ప్రకటన వస్తది గానీ కింద వరస మారదు. ఇంకొకాయన "కొల్లేరు" అన్న మాట ఇరవైసార్లు ఎయ్యమన్నాడు. ఏసేను. చదివితే నాకే రోత పుట్టింది. అలా కుక్కితే గూగుల్ కూడా స్పామ్ కింద కడద్ది.

"కనపడకపోతే ఏం మునిగింది?" అనొచ్చు. మునిగేది మనమే. 1999లో అయిదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువులు పేల్చేరు. ఇందులో పెద్ద చెరువులోడి కథ వేరు, వలేసుకుని బతికేవోడి కథ వేరు, పక్షి కథ వేరు. 2020 డిసెంబర్లో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయినప్పుడు దేశమంతా మన ఊరి పేరు ఎతికింది. అలాంటప్పుడు పై పేజీలో ఎవడి మాటుంటే అదే చరిత్ర. ఇప్పుడు పైనే ఏఐ నాలుగు ముక్కల్లో జవాబు చెప్పేస్తంది. దానికి దొరకని మాట ఆ నాలుగు ముక్కల్లోనూ ఉండదు.

అందుకని చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, రాసేటప్పుడు ఇవి చూడండి. హెడ్డింగులో ఊరి పేరు, సమస్య పేరు పూర్తిగా పెట్టండి. "కన్నీటి కథ" అని పెడితే ఎవడూ ఎతకడు. వార్తని ఫొటో తీసి పెట్టకండి, టైపు చెయ్యండి. మన యాస వదలొద్దు, దాని పక్కన అందరూ వాడే మాట ఒక్కసారి రాయండి. ఒకరి రాతకి ఇంకొకరు లింకివ్వండి. పాత కరపత్రాలుంటే యూనికోడ్లోకి ఎక్కించండి.

నా ముక్కకి "కొల్లేటి గోస" అన్న పేరు తీసేసి "కొల్లేరు అయిదో కాంటూరు అంటే ఏంటి?" అని పెట్టేను. పాత పేరే నాకు ఇష్టం. కానీ ఆ కుర్రోడు మళ్లీ ఫోన్ చేసేడు, రెండో పేజీలో దొరికిందంట. ఆళ్ల నాన్నకి చదివి వినిపించేడంట.

మొదటి పేజీలో ఇంకా బోటు షికారే ఉంది.