శాస్త్రకల్పన నవలలందలి హాస్యము - రుచిభేదములు



పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యని మన పెద్దలు చెప్పుదురు. కూరల విషయమున ఈ మాటను మన మందరమును ఒప్పుకొందుము. కాని నవ్వు విషయమున ఒప్పుకొనము. మనము నవ్వినచోట ఎదుటివాడు నవ్వకున్నచో వానికి రసజ్ఞత లేదని తేల్చివేయుదుము. నేనును చిరకాలము అట్లే తలచినవాడను. ఆ తలంపు ఎట్లు మారినదో చెప్పుటకే ఈ ప్రసంగము.

శాస్త్రకల్పన నవల యనగా, శాస్త్రజ్ఞానమును ఆధారముగా గొని, నేడు లేనిదానిని ఉన్నట్లు కల్పించి చెప్పెడి కథ. దానికి హాస్యము తోడైనచో రుచి మరియొక తీరుగా నుండును. 1726లో స్విఫ్టు అను ఆంగ్ల రచయిత గలివరు యాత్రలను ప్రకటించెను. అందు అయస్కాంత బలముచే ఆకాశమున తేలు ద్వీపమును, దోసకాయలనుండి ఎండను పిండదలచిన పండితుడును గలరు. ఆ గ్రంథపు పోకడనే గ్రహించి, కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1890ల నాట సత్యరాజా పూర్వదేశ యాత్రలను వ్రాసిరి. అందొక దేశమున అధికారమంతయు స్త్రీలది. మన దేశపు స్త్రీలు పడిన బాధలు అచ్చట పురుషులు పడుచుందురు. దానిని చదివి పురుషులు ఆ దేశపు వింతకు నవ్వుదురు. స్త్రీలు, ఆ వింత తమ యింట నిత్యమై యుండుటను తలచుకొని నవ్వుదురు. పుస్తక మొకటే, నవ్వులు రెండు. 1991లో వచ్చిన ఆదిత్య 369 అను చలనచిత్రమును మీలో పలువురు చూచియుందురు. కాలయంత్ర మెక్కి శ్రీకృష్ణదేవరాయల కొలువునకు పోవు ఆ కథలో, కొందరికి యంత్రము ప్రియము, కొందరికి కొలువు ప్రియము, కొందరికి వెంటబోయిన పోలీసువాని అవస్థ ప్రియము.

భద్రాచలపు అడవుల అంచున నున్న మా గ్రామమున, సాయంకాలము కొందరు పెద్దలు రచ్చబండకడ కూడుదురు. ఒకనాడు వారికి నేను డగ్లస్ ఆడమ్సు అను ఆంగ్లేయుని కథ నొకదానిని తెలుగున చెప్పితిని. దాని పేరు ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ. ఇది పుస్తకముగా 1979లో వచ్చినది. కాని పుట్టినది మాత్రము 1978లో, బి.బి.సి. రేడియోలో.

కథ యిట్లుండును. ఒకనాటి ఉదయమున ఒక సామాన్యుని యింటిముందు బుల్డోజరు వచ్చి నిలుచును. క్రొత్త బాట వేయుటకై ఆ యిల్లు కూల్చవలసియున్నదట. అతడు బురదలో యంత్రమున కడ్డముగా పండుకొనును. నోటీసు ఎన్నడో పెట్టితిమి గదా యని అధికారి యనును. అది పెట్టినచోటు కార్యాలయపు నేలమాళిగలో, తాళము వేసిన బీరువా యడుగున! అంతలో ఆకాశమున పరలోకవాసుల ఓడలు వచ్చును. అంతరిక్షమున బాట వేయుటకై భూగోళమునే తొలగింపవలెనని వారు చాటుదురు. పటములు ఆల్ఫా సెంటారి నక్షత్రముకడ నున్న కార్యాలయమున యాబదియేండ్లుగా పెట్టియున్నవి, మీరు పోయి చూడకుండుట మీ తప్పేయని వారి వాదము.

నోటీసు మాట రాగానే ఒక పెద్దమనిషి కన్నీళ్లు వచ్చునట్లు నవ్వెను. పూర్వము బడిపంతులుగా నుండిన మరియొకాయన నవ్వలేదు. ఆల్ఫా సెంటారి ఎంత దూరమని యడిగెను. మూడవ యాయన తలవంచుకొని యుండెను. ఆయన, పోలవరము ప్రాజెక్టు ముంపు కారణముగా 2014లో ఖమ్మము జిల్లానుండి ఆంధ్రప్రదేశమునకు చేర్చబడిన మండలములవాడు; చుట్టపుచూపుగా మా యూరికి వచ్చినవాడు. 1986లో గోదావరి భద్రాచలముకడ 75.6 అడుగులకు పొంగినప్పుడును, 2022లో 71.3 అడుగులకు పొంగినప్పుడును ఆయన యిల్లు మునిగినది.

కథ నచ్చలేదా యని యడిగితిని. "కథ మంచిదే, బాబూ. ఆ మనిషి ఇంటిముందు పండుకొన్నాడనగానే నాకు మా గడప గుర్తుకొచ్చింది. ఇక నవ్వెక్కడ వస్తుంది?" అని ఆయన బదులు చెప్పెను. నాకు సిగ్గు కలిగినది. ఆయనకు హాస్యము తెలియదని అంతకు క్షణము ముందే నేను మనసులో తీర్పు చెప్పియుంటిని.

ఇంతలో పంతులుగారు తన లెక్క ముగించిరి. ఆ నక్షత్రము మనకు నాలుగు కాంతిసంవత్సరములకు కొంచెము మించిన దూరమున నున్నది. కాబట్టి యాబదియేండ్లలో వెలుతురు అచ్చటికి ఐదుమార్లు పోయి రాగలదు. "అంటే కబురు రాకపోవడానికి దూరం కారణం కాదన్నమాట. చెప్పే మనసు లేదు!" అని పంతులుగారు అనగానే, అంతవరకు నవ్వని మూడవ యాయన ఫక్కున నవ్వెను. "ఇల్లు కూల్చ వచ్చిన ఆ ఆఫీసరుగారి ఇల్లు కూడా పోయిందిగదా! ఆయనా నోటీసు చూసుకోలేదు!" అని మరల మరల నవ్వెను. మొదట నవ్విన పెద్దమనిషి ఈమారు నవ్వలేదు, ఆలోచనలో పడెను.

దీనివలన నాకు తెలిసిన దొక్కటి. నవ్వుటకు కొంత యెడము కావలెను. తన గడపకు తగిలిన దెబ్బను చూచి ఎవడును నవ్వలేడు. అదే దెబ్బ భూగోళమంత పెద్దదై, కొట్టినవానికిని తగిలినప్పుడు, నొచ్చినవాడే అందరికంటె ముందు నవ్వును. శాస్త్రకల్పన చేయు ఉపకార మిదియే: మన యూరి సంగతిని నక్షత్రముల నడుమకు తీసికొనిపోయి, చూచుటకు వీలైనంత దూరమున నిలుపును. లెక్కలు కోరువాడు, వెక్కిరింత కోరువాడు, వింత కోరువాడు ఒక్క పుస్తకమునే మూడు వైపులనుండి చదువుదురు. వారిలో ఒకడు లేకున్న, తక్కినవారికి కథలో కొంత భాగము తెలియకయే పోవును.

కావున మీరు పదిమందిలో ఒక హాస్యకథను చదివినప్పుడు, నవ్వనివానిని చూచి పెదవి విరువకుడు. ఎక్కడ ఆగితివని మెల్లగా నడుగుడు. ఆయన చెప్పెడి మాటలో, ఆ పుస్తకమున లేని కథ యొకటి మీకు దొరకవచ్చును.