మిస్సింగా? ముందు సిలిండర్ పట్టుకోండి!

ఉదయగిరి, ఆత్మకూరు రోడ్ల మీద తిరిగే పాత మారుతి 800కి మిస్సింగ్ వచ్చిందంటే ఎత్తు ఎక్కనంటుంది. 1983లో వచ్చిన ఈ కారు ఇంజిన్ 796 సీసీ, సిలిండర్లు మూడే. ఒకటి మానేస్తే మూడో వంతు బలం పోయినట్టే. వెంటనే కార్బ్యురేటర్ విప్పేసే మెకానిక్‌లూ ఉంటారు. డబ్బులు ఓనరువి కదా!

పని నేర్చుకునే కుర్రాళ్లు ముందు ఏ సిలిండరో తేల్చాలి. ఇంజిన్ ఆపి, ఒక ప్లగ్ వైరు తీసి ఎర్త్ చేసి, మళ్లీ స్టార్ట్ చేయండి. వణుకు పెరిగితే ఆ సిలిండర్ బాగున్నట్టే. తేడా లేదా, దొంగ దొరికాడు. దాని ప్లగ్‌ని పక్కదానికి వేసి చూడండి. మిస్సింగ్ కూడా పక్కకి మారితే ప్లగ్‌దే తప్పు. మారకపోతే వైరు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ చూడాలి. అవీ బాగుంటే కంప్రెషన్ గేజ్ పెట్టాలి. రీడింగ్ తక్కువుంటే సిలిండర్‌లో కొంచెం ఇంజిన్ ఆయిల్ వేసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వుల మీద అనుమానం.

మాజ్డా ఆర్‌ఎక్స్-8లోని రోటరీ ఇంజిన్‌కైతే మనకు తెలిసిన వాల్వులే ఉండవు. ఒక్కో రోటర్‌కి రెండు ప్లగ్‌లు, మూడు ముఖాలు. మూడింటి కంప్రెషన్ విడివిడిగా కొలుస్తారు. మన షెడ్లకి అది రాదు గానీ, స్పార్క్, కంప్రెషన్ వెతకడం అక్కడా తప్పదు.

పది పాసైనవారికి ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ ఉంది, రెండేళ్లు. చేరితే గేజ్ చూడటం అక్కడే చేతికి అలవాటు చేసుకోండి.