ఆల్బెర్ట్ బాసెర్మన్ నటజీవితము

1867లో మాన్‌హైమ్ నగరమున జన్మించి, రసాయనశాస్త్ర మభ్యసించి, కొంతకాలము కర్మాగారమున పనిచేసిన ఆల్బెర్ట్ బాసెర్మన్, ఆ వృత్తియందు మనసు నిలువక, స్వస్థలమందలి నాటకశాలలోనే రంగప్రవేశము చేసెను. పాత్రధారులందరి సమష్టికృషికి పేరుపడిన మైనింగెన్ ఆస్థాననాటకసంఘమున నాలుగేండ్లు గడపి, 1895లో బెర్లిన్ చేరెను. అచట ఆటో బ్రామ్ నిర్దేశకత్వమున ఇబ్సెన్ పాత్రలకును, 1909 మొదలుకొని మాక్స్ రైన్‌హార్ట్ నాటకశాలలో షేక్స్పియరు పాత్రలకును ఆయన జీవము పోసెను. బ్రామ్ కోరినది నిత్యజీవితమున కానవచ్చు సహజధోరణి. రైన్‌హార్ట్ కోరినది రంగవైభవము. ఈ రెండు మార్గములందును ఒక్కడే అగ్రగణ్యుడగుట సామాన్యము కాదు. జర్మను నటులలో ఒకరినుండి మరియొకరికి సంక్రమించు ఇఫ్లాండ్ ఉంగరము 1911లో ఆయనకు దక్కినది.

ఛాయాచిత్రము తీయించుకొనుటకే సమ్మతింపని ఈ నటుడు 1913లో 'డెర్ ఆండెరె' అను మూకచిత్రమున, తనకు తెలియకయే రాత్రివేళ దొంగగా మారు న్యాయవాది పాత్ర వహించెను.

ఆయన భార్య ఎల్జెయు నటియే; యూదు వంశీయురాలు. నాజీలు అధికారమునకు వచ్చినపిమ్మట, ఆమెను పరిత్యజించినచో ఆయనకు జర్మనీ రంగస్థలమున లోటుండెడిది కాదు. ఆయన భార్యను వీడలేదు, దేశమునే వీడెను. ఇఫ్లాండ్ ఉంగరమునకు తాను వారసులుగా ఎంచుకొన్న నటులు జిరార్డి, పాలెన్‌బెర్గ్, మోయిస్సీ మువ్వురును తనకంటె ముందే గతింపగా, 1935లో దానిని మోయిస్సీ శవపేటికపై ఉంచెను. వియన్నా నాటకశాలవారు దానిని తీసి భద్రపరచిరి.

వాక్కే సర్వస్వమైన నటుడు ఆంగ్లము రాని వాడై అమెరికా చేరినపుడు ఏమి చేయగలడు? బాసెర్మన్ భార్య సహాయమున ఒక్కొక్క మాటను ధ్వనిరూపముగనే కంఠస్థము చేసి, 1940లో హిచ్‌కాక్ తీసిన 'ఫారిన్ కరెస్పాండెంట్' చిత్రమున శత్రువుల చేజిక్కిన వృద్ధ రాజనీతిజ్ఞునిగా నటించి, ఉత్తమ సహాయనటుని ఆస్కారు బహుమానమునకు పరిగణింపబడెను. హింసకు లోనగుచు ఆ వృద్ధుడు తడబడి, ఆగి, మరల కూడదీసికొని పలుకు ఘట్టమున, ప్రతి అక్షరమును వెదకికొనుచున్నట్లుండు ఆ ఉచ్చారణయే పాత్రకు బలమైనదని నా తలంపు. భాష తెలిసిన నటునకు సయితము ఆ గాంభీర్యము సులభలభ్యము కాదు.

పిదప 'మదామ్ క్యూరీ' మొదలగు చిత్రములలో నటించి, 1946లో ఐరోపాకు మరలెను. 1952లో న్యూయార్కునుండి జూరిక్ పయనించుచు విమానమున కన్నుమూసిన ఈయన కడపటి చిత్రము 1948 నాటి 'ది రెడ్ షూస్'. ఎనుబదేండ్ల ప్రాయమున అందు నృత్యనాటక సంఘమునకు రంగాలంకరణ కూర్చు రాటోవ్ పాత్రను ధరించెను.