తగిలింది ఏ దెబ్బ?

మీలో చాలామంది ఇంటర్‌నెట్‌లో ఆటలు ఆడే ఉంటారు. ఆటలో మీ వీరుడు కుప్పకూలాడనుకోండి. ఎందుకు కూలాడు? “శత్రువు కొట్టాడు కాబట్టి” అంటారు. ఆ జవాబు చాలదు. శత్రువు కొట్టింది ఏ రకం దెబ్బ? అది తెలియకపోతే రెండోసారి కూడా ఓటమి తప్పదు.

2009లో వెలువడిన ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ అనే ఆటను చూద్దాం. అందులో దెబ్బలు మూడు రకాలు: భౌతికమైనవి, మాంత్రికమైనవి, ‘నిజమైనవి’. భౌతికమైన దెబ్బను కవచం తగ్గిస్తుంది. మాంత్రికమైన దెబ్బను మంత్రనిరోధం తగ్గిస్తుంది. మూడో రకాన్ని ఈ రెండూ ఆపలేవు.

చిన్న లెక్క చేద్దాం. కవచం విలువకు 100 కలపండి. వచ్చిన మొత్తంతో 100ను భాగించండి. దెబ్బలో అంత భాగమే వీరుడికి తగులుతుంది. కవచం 100 అయితే సగం. 200 అయితే మూడోవంతు. అంటే 300 భౌతిక దెబ్బ 100కు తగ్గిపోతుంది. మరి శత్రువు మంత్రం వేస్తే? ఆ కవచం ఎందుకూ కొరగాదు. ఎండకు గొడుగు పట్టుకుని ముళ్ళ మీద నడిచినట్లే! కష్టపడి కూడబెట్టిన బంగారమంతా పొరపాటు రక్షణకు ఖర్చయిపోతుంది.

అందుకే దెబ్బ రకాన్ని ఆటగాడికి తెలియజేయడం ఆట తయారుచేసేవారి బాధ్యత. ఈ ఆటలో దెబ్బ విలువ తెరమీద అంకెగా తేలుతుంది. రకాన్ని బట్టి దాని రంగు మారుతుంది. వీరుడు పడిపోయాక ఎవరి దెబ్బ ఎంతో, ఏ రకమో ఒక పట్టిక చూపిస్తుంది.

అయితే రంగు ఒక్కటే చాలుతుందా? చాలదు. మన కంటి నేత్రపటలంలో రంగులను గుర్తించే శంకుకణాలు మూడు రకాలు. వాటిలో ఒక రకం లోపించినా, సరిగా పనిచేయకపోయినా కొన్ని రంగుల తేడా తెలియదు. ఇదే వర్ణాంధత్వం. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్‌కు ఈ లోపం ఉండేది. 1794లో ఆయన తన చూపు గురించి తానే వివరించాడు. ఉత్తర ఐరోపా సంతతి పురుషుల్లో దాదాపు 12 మందిలో ఒకరికి ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా సరిగా తెలియదు. స్త్రీలలో ఇది చాలా తక్కువ.

అలాంటి పిల్లవాడు ఓడిపోతే అది అతని తెలివితక్కువతనమా? కాదు, గుర్తు పెట్టినవారి లోపం. కాబట్టి రంగుకు తోడు ఆకారం, శబ్దం, కదలిక కూడా ఉండాలి. 1980 నాటి ‘ప్యాక్‌మ్యాన్’లోనే ఈ ఉపాయం ఉంది. శక్తి గుళిక తినగానే భూతాలు నీలంగా మారడమే కాదు, వాటి ముఖమూ మారుతుంది, అవి వెనక్కి తిరుగుతాయి, శబ్దం కూడా మారుతుంది. చూసే కన్ను ఎలాంటిదైనా విషయం అర్థమవుతుంది.

ఇంకొక సంగతి. కనబడిన దానికి స్పందించి వేలు కదపడానికి మనకు దాదాపు పావు సెకను పడుతుంది. విన్నదానికి అంతకంటే కొంచెం తక్కువ. అందుచేత హెచ్చరిక దెబ్బకు ముందే రావాలి. 2013లో కొత్త రూపంలో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 14’లో దెబ్బ పడబోయే చోటు నేలమీద ముందుగానే వెలుగుతుంది. ఆటగాడు పక్కకు తప్పుకోవచ్చు.

ఈ సూత్రం ఆటలకే పరిమితం కాదు. నిలువుగా ఉండే ట్రాఫిక్ దీపాల్లో ఎరుపు పైన, ఆకుపచ్చ కింద ఉంటాయి. రంగు తెలియనివారు స్థానం చూసి ఆగుతారు. అక్కడ పొరపాటు జరిగితే పోయేది ఆట కాదు, ప్రాణం.

మీరూ ఒక ప్రయోగం చేయండి. నిప్పు, విషం, మంచు దెబ్బలకు మూడు గుర్తులను పెన్సిలుతోనే గీయండి. రంగులు వాడవద్దు. ఒక్కొక్కటీ ఒక్క సెకను మాత్రమే మిత్రుడికి చూపండి. అతడు పొరబడితే అతణ్ణి నిందించకండి. మీ గుర్తును మార్చి మళ్ళీ గీయండి.