నీరు తేరుకొనే వేళ

గాజుతొట్టిలో రంగురంగుల చేపలు ఈదులాడుతుంటే చూసేవారికి కనులపండువుగా ఉంటుంది. అయితే కొత్తగా అమర్చిన అక్వేరియంలో కొద్దిరోజులకే నీరు పలచని పాలవలె తెల్లబారవచ్చు. సన్నని తెల్లని రేణువులు తేలియాడవచ్చు. అది చూసి ఇంటివారు కలవరపడతారు. నీటినంతా పారబోసి, ఇసుకను, రాళ్లను తోమి కడిగి, మళ్లీ కుళాయినీరు నింపుతారు. చేపల మేలు కోరి చేసిన ఈ పనే ఒక్కొక్కప్పుడు వాటి ప్రాణాల మీదికి తెస్తుంది.

నీరు తెల్లబారడానికి కారణాలు పలువిధాలు. తొట్టి నింపిన వెంటనే నీరు మసకబారితే, అది సరిగా కడగని ఇసుకలోని ధూళి. కాఠిన్యం గల నీటిలో సున్నపు లవణాలు తెల్లని పొడిగా ఏర్పడవచ్చు. చేపలు తినక మిగిలిన మేత నాని తునకలుగా తేలవచ్చు. ఇవేవీ కాక, కొన్ని రోజుల తరువాత నీరంతా తెల్లని పొగ కమ్మినట్లయితే, దానికి కారణం సాధారణంగా బాక్టీరియా. మిగిలిన మేతను, మలినాలను ఆహారంగా గ్రహించి ఈ సూక్ష్మజీవులు వేగంగా వృద్ధి చెందుతాయి. విడిగా కంటికి కనిపించని ఇవి అసంఖ్యాకంగా చేరినప్పుడు కాంతిని చెదరగొట్టి నీటికి తెల్లదనాన్ని కలిగిస్తాయి.

చిల్లగింజను అరగదీసి బురదనీటిని తేటపరచడం మన పూర్వులు ఎరిగిన ఉపాయం. బురద మట్టి గనుక అడుగుకు దిగుతుంది. ఈ తెల్లదనం అటువంటిది కాదు. ఆహారం తగ్గిన కొద్దీ అది దానంతట అదే తొలగిపోతుంది.

అసలు అపాయం కంటికి కనిపించనిది. చేపలు విసర్జించే అమ్మోనియా వాటికే విషం. ఒక రకం బాక్టీరియా దానిని నైట్రైటుగాను, మరొక రకం బాక్టీరియా ఆ నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగాను మారుస్తాయి. 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఇటువంటి బాక్టీరియాను వేరుపరచి వాటి స్వభావాన్ని వెల్లడించాడు. ఇసుకను, రాళ్లను, ఫిల్టరులోని స్పాంజిని ఆశ్రయించి ఇవి మెల్లగా పెరుగుతాయి. తగినంతగా స్థిరపడడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. తొట్టినంతా తోమి కడిగితే ఇవి చాలావరకు నశిస్తాయి. మిగిలినవాటికి కుళాయినీటిలోని క్లోరిన్ హాని చేస్తుంది. అప్పుడు నీరు తేటగా కనిపించినా, అందులో అమ్మోనియా పేరుకుంటుంది. చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తూ ఊపిరికై అల్లాడుతాయి.

కాబట్టి కొత్త తొట్టిలో మొదట ఒకటి రెండు చేపలను మాత్రమే వదలాలి. రెండు మూడు నిమిషాలలో తినగలిగినంత మేతనే వేయాలి. అవసరమైనప్పుడు నీటిలో నాలుగోవంతు మాత్రం తీసి, క్లోరిన్ తొలగించిన నీరు పోయాలి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీటిలోనే కడగాలి. తెల్లని చుక్కలు నీటిలో కాక చేపల ఒంటిమీద, రెక్కలమీద ఉప్పురవ్వలవలె కనిపిస్తే మాత్రం అది పరాన్నజీవి వల్ల కలిగే వ్యాధి కావచ్చు. దానికి వెంటనే చికిత్స చేయించాలి.

తెలుగులో 'తేరుకోవడం' అనే మాట కలతపడిన నీటికీ, కలతపడిన మనసుకూ కూడా వర్తిస్తుంది. రెండింటికీ కావలసింది కొంత వ్యవధి, కొంత ఓర్పు.