గీత మారితే గెలుపు మారింది

ఓటు హక్కు లభించినంత మాత్రాన ప్రాతినిధ్యం లభించినట్టేనా? కాదని అమెరికాలోని అలబామా రాష్ట్ర కాంగ్రెస్ ఎన్నికలు నిరూపించాయని నా అభిప్రాయం.

అలబామా జనాభాలో నల్లజాతీయులు దాదాపు 27 శాతం. ప్రతినిధుల సభలో ఆ రాష్ట్రానికి ఏడు స్థానాలున్నాయి. 1901 నాటి రాష్ట్ర రాజ్యాంగం పోల్ టాక్స్, అక్షరాస్యత పరీక్షల వంటి అడ్డంకులతో నల్లజాతీయులను ఓటుకు దూరం చేసింది. సెల్మా వంతెనపై నెత్తురు చిందిన 1965లోనే ఓటు హక్కుల చట్టం వచ్చింది. ఓటును అడ్డుకోవడం కష్టమయ్యాక, దాని బలాన్ని హరించే మార్గం మిగిలింది. ఒకప్పుడు బానిసల శ్రమతో పత్తి పండించిన 'బ్లాక్ బెల్ట్' ప్రాంతంలోని నల్లజాతి ఓటర్లలో అధిక భాగాన్ని ఏడో నియోజకవర్గంలో కుక్కారు. మిగిలినవారిని ఇతర నియోజకవర్గాలకు చెదరగొట్టారు. 2021లో గీసిన పటంలోనూ నల్లజాతీయులు అధికసంఖ్యాకులుగా ఉన్న స్థానం అదొక్కటే.

దీనిపై ఓటర్లు కోర్టుకెక్కారు. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో వారి పక్షాన నిలిచింది. అయినా రాష్ట్ర శాసనసభ మళ్లీ గీసిన పటంలో రెండో నియోజకవర్గంలోని నల్లజాతి ఓటర్లను సుమారు 40 శాతం దగ్గరే ఆపింది. ఫెడరల్ కోర్టు దానిని తిరస్కరించి, తానే నియమించిన నిపుణుడు గీసిన పటాన్ని అమలు చేయించింది. 2024 నవంబరులో ఏడో స్థానం నుంచి టెర్రీ సూయెల్, రెండో స్థానం నుంచి షొమారీ ఫిగర్స్ గెలిచారు. ఇద్దరు నల్లజాతి ప్రతినిధులు ఏకకాలంలో కాంగ్రెస్‌కు వెళ్లడం ఆ రాష్ట్ర చరిత్రలోనే ప్రథమం. 2022కీ 2024కీ మధ్య రాష్ట్ర ప్రజలు వారే, ఓటు హక్కు అదే, మారింది గీత.

అక్కడ రిజర్వుడు స్థానాలు లేవు. ఎవరైనా పోటీ చేయవచ్చు. చట్టం కాపాడింది అభ్యర్థిని కాదు, ఓటర్ల బలాన్ని. 1932 పూనా ఒప్పందం నుంచి మనం నడుస్తున్నది ఇందుకు భిన్నమైన దారిలో. ఎస్సీ రిజర్వుడు లోక్‌సభ స్థానంలో అభ్యర్థి దళితుడే అయినా, దాదాపు ప్రతిచోటా ఓటర్లలో అధికసంఖ్యాకులు దళితేతరులే. వారి ఆమోదం పొందినవారే గెలుస్తారన్న అంబేడ్కర్ ఆందోళన నేటికీ సజీవమే. రిజర్వేషన్ అవసరం లేదని నేననను; అదొక్కటే చాలదంటున్నాను.

నియోజకవర్గాల పునర్విభజనపై తెలుగు రాష్ట్రాల్లో చర్చంతా ఎవరికెన్ని సీట్లన్న లెక్క చుట్టూనే తిరుగుతోంది. ఏ దళితవాడ, ఏ ఆదివాసీ గూడెం గీతకు ఏ వైపున పడుతుందన్న ప్రశ్న వినిపించడం లేదు. అలబామా ఓటర్లకు న్యాయస్థానం తలుపు తెరిచి ఉంది. ఇక్కడ రాజ్యాంగం 329వ అధికరణ ఆ తలుపును చాలావరకు మూసివేసింది. కాబట్టి ముసాయిదాపై అభ్యంతరాలు స్వీకరించే దశే మనకు కీలకం. విద్యార్థులు, ఉద్యమ సంఘాలు అప్పటికే తమ మండలాల పటాలు, జనగణన పట్టికలు చేతబట్టి సిద్ధంగా ఉండాలి.