పిల్లల పిత్తాశయములో రాళ్లు

పిత్తాశయములో రాళ్లు నడివయసు దాటినవారికే వచ్చునని పలువురు తలంతురు. కాని కొన్ని వంశపారంపర్య వ్యాధులు గల పిల్లలకు పదేండ్లు నిండకముందే ఇవి ఏర్పడవచ్చును. అట్టి వ్యాధులలో మన దేశమున ముఖ్యమైనది సికిల్ సెల్ రక్తహీనత. ఇది జార్ఖండ్, ఒడిశా రాష్ట్రములయందును, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మన్యప్రాంతములయందును కానవచ్చుచున్నది. కావున టాటానగర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబములవారును దీనిని గురించి తెలిసికొనుట అవసరము.

రాళ్లు ఏర్పడు విధము

ఆరోగ్యవంతుని రక్తములోని ఎర్రకణము సుమారు 120 దినములు జీవించును. ఈ వ్యాధి గలవారి ఎర్రకణములు కొడవలివలె వంగి, 10 లేక 20 దినములలోనే నశించును. నశించిన కణములనుండి బిలిరుబిన్ అను పసుపువన్నె పదార్థము ఏర్పడును. కాలేయము దానిని పైత్యరసముతో పిత్తాశయమునకు పంపును. అది మితిమీరినపుడు పేరుకొని నల్లని రాళ్లుగా మారును.

గుర్తింపవలసిన లక్షణములు

ఈ పిల్లల కన్నులు తరచుగా కొంత పచ్చగానే యుండును. అందువలన కొత్తగా వచ్చిన ప్రమాదమును తల్లిదండ్రులు గుర్తింపలేకపోవచ్చును. కుడి పక్కటెముకల క్రింద నొప్పి, వాంతులు, చలిజ్వరము, ముదిరిన పచ్చదనము, ముదురురంగు మూత్రము, తెల్లబారిన మలము, వీనిలో ఏది కనిపించినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. రాయి పైత్యనాళమున అడ్డుపడినచో ప్రాణాపాయము కలుగవచ్చును. అట్టి సమయమున కామెర్లకు పసరు పోయించుచు కాలయాపన చేయరాదు. పసరు నాళములోని రాయిని తొలగింపజాలదు.

చికిత్స

అల్ట్రాసౌండ్ పరీక్షవలన రాళ్లు తెలియును. ఇందు సూదిపోటు లేదు. రాళ్లు బాధపెట్టుచున్నచో పిత్తాశయమును శస్త్రచికిత్సచే తొలగింతురు. అది లేకున్నను బిడ్డ ఆహారమును జీర్ణించుకొనగలడు. ఆపదవేళ తొందరపడి చేయించుటకంటె, ముందుగా నిర్ణయించుకొని, అవసరమైనచో రక్తమెక్కించి చేయించుట క్షేమము. బిడ్డకు ఈ వ్యాధి కలదని శస్త్రవైద్యునకును, మత్తుమందిచ్చు వైద్యునకును తప్పక చెప్పవలెను. దేహమున నీరు తగ్గినను, చలి సోకినను వ్యాధి ప్రకోపించును.

ముందుజాగ్రత్త

తల్లిదండ్రులిరువురును వ్యాధివాహకులైనచో, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక వంతు అవకాశము కలదు. ఇది పాపఫలము కాదు, అంటువ్యాధియు కాదు. 2023 జూలై 1వ తేదీన ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమమున జార్ఖండ్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు కూడ చేరియున్నవి. 40 ఏండ్లలోపువారికి రక్తపరీక్షలు జరుపుట దీని ముఖ్యకార్యము. వివాహమునకు ముందే పరీక్ష చేయించుకొనుడు. వ్యాధి గల బిడ్డకు కడుపునొప్పి వచ్చినపుడు ఆలస్యము చేయకుడు.